కడుపు తీయించుకున్న అత్త

"మగోళ్లు ఇంకా తిననే లేదు, అప్పుడే గిన్నె పట్టుకున్నావా?"

వంటింటి గడపలో నిలబడి మామ మాల్యాద్రి అన్న మాటకు పొయ్యి ముందున్న కోడలు శ్రీశైలమ్మ చెయ్యి ఆగిపోయింది. అత్త వెంకటరత్నమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు. రాగిజావ ఒక గుక్క మింగి, అది దిగేదాకా కళ్లు మూసుకుని, మళ్లీ ఇంకో గుక్క తాగింది.

పుట్టకురుపు, అదే క్యాన్సరు, ముదిరి పక్కలకు పాకిందని మద్రాసు ఆసుపత్రిలో ఆమె కడుపునూ, దాన్ని అంటుకున్నదాన్నంతా కోసి తీసేశారు. పేగును పైకి లాగి అన్ననాళానికి కుట్టారు. ఆ కబురు ఆమె కంటే ముందే రైలు దిగి కొమరోలు చేరింది, అదీ వంకరగా. "ఈ వయసులో కడుపు తీయించుకున్నదంట!" అని ఊరు ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. పరామర్శ పేరుతో వచ్చిన పొరుగింటి కరుణమ్మ ఆ మాటే అటు తిప్పి ఇటు తిప్పి అడిగితే, అత్త పైట తప్పించి బొడ్డు దాకా ఉన్న కుట్లు చూపించింది. "నాకంత భాగ్యం కూడానా వదినా! ఇది కూడు తినే కడుపు" అని నవ్వింది. చావును చూసి వచ్చిన మనిషి అట్లా నవ్వుతుంటే శ్రీశైలమ్మకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

రోగం తిరగబెట్టదని మాట ఇవ్వలేనన్నాడు డాక్టరు. మాటిమాటికీ రవ్వంత తింటేనే మనిషి నిలుస్తుందనీ, పస్తుంటే చావుకు రోగం దాకా అక్కర్లేదనీ మామ ఎదుటే చెప్పాడు. మామ తల ఊపి వచ్చాడు. ఊపిన తల ఇంటికొచ్చేసరికి మరిచిపోయింది.

కాపురానికొచ్చిన కొత్తలో ఈ అత్తే శ్రీశైలమ్మకు నేర్పింది: మగోళ్లు తిన్న విస్తట్లోనే తినాలి, అడుగంటిన సంగటే మన వాటా అని. నలుగురిలో మామ మీసం దువ్వుతూ, "మా ఇంటిది కడుపు కట్టుకోని సంసారం నిలబెట్టింది" అనేవాడు. అదేదో బిరుదులా వినేది అత్త. శ్రీశైలమ్మా ఆ బిరుదు కోసమే ఇన్నేళ్లూ ఆకలిని కొంగున ముడేసుకుంది.

"ఇన్నేండ్లు కడుపు కట్టుకున్నదానివి, ఇప్పుడీ పాటి ఓర్పు లేకపాయెనా?" అన్నాడు మామ.

వెంకటరత్నమ్మ మూతి తుడుచుకుంది.

"కట్టుకున్న మాట నిజమే. ఇప్పుడు కట్టుకుందామన్నా అది మద్రాసులోనే ఉండిపోయింది."

ఆ తర్వాత కోడలి వైపు తిరిగింది.

"నీది నీ దగ్గరే ఉండాది గదమ్మా. దాన్ని కట్టేయబాక. పో, గిన్నె తెచ్చుకో."

మామ గడపలోనే నిలబడి ఉన్నాడు. శ్రీశైలమ్మ ఆయన్ను దాటుకుని వెళ్లి గిన్నె తెచ్చుకుంది.