నాలుగు దాటాక వచ్చే గాలి

అక్క మెట్ల మీద కాలు జారి పడింది ఆరేళ్ళ క్రితం. కట్టు పడింది ఆమె కాలికే గానీ కదలకుండా అయిపోయింది చెల్లెలు. మూడు నెలలకి ఎముక అతుక్కుంది. “ఇక మీరు పరుగెత్తొచ్చు” అని డాక్టరు నవ్వాడు. అక్క నవ్వలేదు. ఆ రోజు నుంచి ఆమె రెండో అంతస్తు దిగలేదు. చెల్లెల్ని దిగనిచ్చిందీ తక్కువే.

చెల్లెలికి యాభై నాలుగేళ్ళు. ముందు గదిలో మిషను పెట్టుకుని కర్టెన్లూ, సోఫా గలీబులూ కుడుతుంది. వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. తల్లి పోయినప్పుడు ఆమెకి ఐదేళ్ళు, అక్కకి పధ్నాలుగు. జడ వేసిందీ, జ్వరమొస్తే పక్కన కూర్చుందీ, కుట్టుపని నేర్పించిందీ అక్కే. పెళ్ళి మాట ఇద్దరూ ఎత్తలేదు. కోపం వచ్చినప్పుడల్లా “నన్ను పెంచింది కదా” అనుకునేది టైలరమ్మ. ఆ మాటకి కోపం దిగేది గానీ ఊపిరి ఆడేది కాదు. దారపు ఉండ కోసం కిందికి దిగితే పది నిమిషాల్లో ఫోను మోగేది.

“ఎక్కడున్నావే?”

“కొట్లోనే అక్కా.”

“ఇంకా కొట్లోనేనా?”

ఒక మధ్యాహ్నం, మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి ఒక పెద్దాయన వచ్చాడు. బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయిన మనిషి. సంచిలోంచి ఎర్రటి పల్చటి బట్ట తీసి పరిస్తే, ముందు గది చాలక గుమ్మం దాటింది.

“ఇదేం పరదా అండీ?”

“పరదా కాదమ్మా, గాలిపటం. పవర్ కైట్ అంటారు. ముళ్ళకంపకి పట్టుకుని చిరిగింది.”

“ఇంత గాలిపటం ఎవరెగరేస్తారు?”

“నేనే. అరవై రెండో ఏట మొదలుపెట్టాను. ముప్పై ఏళ్ళు స్టీరింగు తిప్పిన చేతులు, ఊరికే కూర్చోమంటే వినలేదు.”

లోపలి గదిలోంచి అక్క “పోయేకాలం” అంది, ఆయనకి వినబడేట్టే.

ఆ బట్టకి సూది బెజ్జం కూడా చిల్లే. టైలరమ్మ తన దగ్గరున్న సన్నటి సూది ఎక్కించి, లోపల పట్టీ వేసి, రెండు వరసలు కుట్టింది. తీసుకోవడానికి వచ్చిన డ్రైవరు, “కుట్టు నిలిచిందో లేదో గాలిలోనే తెలుస్తుంది. మీరే వచ్చి చూసుకోండి” అన్నాడు. తను వేలాడదీసి చూడని కర్టెన్ ఇంతవరకూ ఎవరి చేతికీ ఇవ్వలేదామె. ఆసుపత్రిలో కిటికీలకి కొలతలు తీయాలని అక్కతో అబద్ధం చెప్పి, గురువారం బస్సెక్కింది.

ఊరవతల వాడకం మానేసిన విమానాల మైదానం. గడ్డి, పగిలిన సిమెంటు, మీద ఆకాశం. పటానికి నాలుగు తాళ్ళు, చేతికి రెండు పిడులు. కుట్టు బాగానే నిలిచింది. “మీరూ ఓసారి పట్టుకుంటారా?” అన్నాడు డ్రైవరు. మణికట్లకి పట్టీలు బిగించి, “గట్టిగా లాగితే పిడులు వదిలేయండి. గాలి దిగిపోయి పటం అదే కింద పడుతుంది, ఈ పట్టీలుంటాయి కాబట్టి ఎగిరిపోదు” అని రెండుసార్లు చెప్పాడు.

పటం లేచింది. అంతే, భుజాలు ఊడొచ్చినంత పనైంది. ఆమె బోర్లా పడి గడ్డి మీద ఈడ్చుకుపోతుంటే డ్రైవరు వెనకాలే పరుగెత్తాడు.

“వదలండమ్మా! వదిలేయండి!”

ఆమె వదల్లేదు. పది గజాలు పోయాక పటమే విసిగి కూలింది. గడ్డం గీసుకుపోయింది, మోచేతులు మండుతున్నాయి. లేచి నిలబడి, “మళ్ళీ” అంది.

ఆసుపత్రి కిటికీలు వారం వారం పెరిగిపోయాయి. రెండు నెలల్లో ఆమెకి పటం గుణం తెలిసింది. నడినెత్తిన ఉన్నంతసేపూ మేకపిల్ల. పక్కకి వంచితే ఎద్దు. మడమలు నేలలో తన్నిపెట్టి వెనక్కి వాలితే ఒంటి బరువంతా అదే మోస్తుంది. మిషను మీద వంగి వంగి గూనిపట్టిన వీపు అక్కడ సాగేది. బూట్లు గడ్డి మీద జర్రున జారుతూ ఇరవై అడుగులు పోయాక, పటాన్ని మళ్ళీ నెత్తి మీదికి తెచ్చి ఆపడం వచ్చిన రోజున ఆమె గట్టిగా కేక పెట్టింది. డ్రైవరు ఏమైందోనని హడలిపోయాడు.

అక్క మాత్రం ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే మనిషి. ఒక సాయంత్రం ఉతకాల్సిన బట్టలు ముందేసుకుని, మేజోళ్ళకి అంటుకున్న గడ్డిగింజలు ఒక్కొక్కటే పీకి నేలమీద పెట్టింది.

“ఆసుపత్రిలో గడ్డి మొలిచిందా?”

టైలరమ్మ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. తర్వాత ఉన్నదున్నట్టు చెప్పేసింది. అక్క తిట్టలేదు. అందుకే చెల్లెలికి భయం వేసింది.

ఆ తర్వాతి గురువారం పొద్దున్నే అక్కకి గుండె పట్టేసింది. డాక్టరు వచ్చి చూసి, గుండె గడియారంలా ఆడుతోందన్నాడు. ఆ పై గురువారం ఆయాసం. ఆ పైది కళ్ళు తిరగడం. శుక్రవారాలు మాత్రం నిక్షేపంగా ఉండేది, కుట్టు వంకరపోయిందని కేకలు కూడా వేసేది. ఆ మూడు వారాలూ టైలరమ్మ మిషనుకీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరిగింది. ఎదురు డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి పొంగుతుంటే చూడలేక కిటికీ మూసింది. మూస్తే గది ఇంకా చిన్నదైంది. అక్కది నటన అని నమ్మాలంటే భయం. నమ్మకపోతే ఈ జన్మకి ఇంతే.

నాలుగో గురువారం బూట్లు తొడుక్కుంది.

“నాకు ఆయాసంగా ఉందే.”

“పక్కింటావిడకి చెప్పాను. డాక్టరు నంబరు ఫోను పైనే రాసిపెట్టాను. వెళ్ళొస్తానక్కా.”

మైదానంలో చూపు ఊరి వైపే పోయి, పటం మూడుసార్లు కూలింది. గంటకే వెనక్కి తిరిగింది. ఇంటికొస్తే తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

“అక్కా! ఎలా ఉన్నావు? తలుపు తియ్యి.”

“ఆ గాలినే తియ్యమను.”

ఆయాసం లేని గొంతు. టైలరమ్మ పై మెట్టు మీద కూలబడింది. పై అంతస్తువాళ్ళు దాటుకుంటూ వెళ్ళారు. “తాళంచెవి పోయిందా?” అంటే తలూపింది. వాళ్ళు వెళ్ళాక తలుపుకి నోరు ఆనించి చెప్పింది.

“నీ మీద కోపంతో పోవట్లేదక్కా. అక్కడ నాకు బాగుంటుంది. అంతే.”

“నువ్వక్కడుంటే, ఇక్కడ నేను చస్తేనో?”

“చస్తే చస్తావు. నేను ఇంట్లో ఉన్నా ఆపలేను.”

అన్నాక తనే చేత్తో నోరు మూసుకుంది. లోపల మిషను ముందున్న స్టూలు కిర్రుమంది. అక్క అక్కడ కూర్చుందన్నమాట, తలుపుకి ఇవతల చెల్లెలు, అవతల ఆవిడ. దీపాలు పెట్టే వేళకి గడియ తీసింది. మొహం కడుక్కున్న గుర్తులున్నాయి. “అన్నం చల్లారిపోయింది” అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రాత్రి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిన్నారు.

రెండు రోజులకి అక్క తానుగానే నోరు తెరిచింది. గురువారాలు పిన్ని కూతురు వచ్చి కూర్చుంటుందట, తనే ఫోను చేసి పిలిచింది. “అయిదింటికల్లా గుమ్మంలో ఉండాలి. అయిదుంపావు అయితే నేను మనిషిని కాను.” టైలరమ్మ సరేనంది. అయిదింటికి గుమ్మంలో ఉండాలంటే నాలుగింటి బస్సు ఎక్కాలి.

ఇప్పటికి ఏడాదిన్నర అయింది. ఒక్క గురువారం కూడా మానలేదు. అక్కకి ఆయాసం మళ్ళీ రాలేదు, మెట్లూ దిగలేదు. డ్రైవరు మాత్రం వారం వారం అదే అంటాడు.

“అసలు గాలి నాలుగు దాటాకే వస్తుందమ్మా. ఒక్కరోజు ఉండకూడదూ? రెండు కాళ్ళూ నేల వదులుతాయి.”

“బస్సు వెళ్ళిపోతుందండీ” అంటూ ఆమె పట్టీలు విప్పి పిడులు ఆయన చేతికిచ్చేస్తుంది.

మొన్న బస్సు మైదానం పక్క మలుపు తిరుగుతుంటే ఆ గాలి వచ్చింది. కిటికీ అద్దాలు గడగడలాడాయి. దూరాన ఎర్ర పటం ఒక్క ఊపున పైకి లేచింది, దాని కింద ముసలాయన గడ్డి మీంచి మూరెడెత్తు లేచి, మెల్లిగా దిగాడు. సీటులో కూర్చున్న టైలరమ్మ వేళ్ళు వాటంతటవే బిగుసుకున్నాయి. కండక్టరు టికెట్టు అడిగాడు. ఆమెకి వినబడలేదు. రెండోసారి అడిగితే, “ఒక్క నిమిషం ఉండు నాయనా” అని, పటం చెట్ల వెనక కనుమరుగయ్యేదాకా మెడ తిప్పి చూస్తూనే ఉంది.