మూడొందల నలభై తొమ్మిది రూపాయల రోడ్డు

"మూడొందల నలభై తొమ్మిది రూపాయలెట్టి కారు కొన్నారే ఈ ఇంట్లో. అదీ ఫోన్లో. ఎక్కుదామంటే లేదు, అమ్ముదామంటే లేదు."

మొగుడు యువరాజు ఆ మాట అన్నప్పుడు సంతోషి వాకిట్లో కూర్చుని కవళ్ల చేపలు తోముతోంది. పొలుసు గీకుతున్న చెయ్యి ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. తల మాత్రం ఎత్తలేదు. ఎత్తితే ముఖం కనబడిపోతుంది కదా. అరుగు మీద యువరాజు, పక్కన వాళ్లమ్మ రత్నాలమ్మ. వాళ్లిద్దరి ముందు, గోడకి ఆనుకుని కూతురు భవ్యశ్రీ. ఏడో తరగతి పిల్ల, రెండు జడలు, బడి బట్టలు ఇంకా విప్పనే లేదు.

జరిగిందేమిటంటే, పొద్దున యువరాజు ఐసు కొట్టు దగ్గర ఫోన్లో డబ్బు కట్టబోతే చాలలేదట. వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు, అందులో ఒకడు నవ్వాడట. ఇంటికొచ్చి మెసేజీలు తిరగేస్తే ఆదివారం మధ్యాహ్నం కారు పందెం ఆటకి కట్టినట్టు తేలింది. ఫోను తెరవడానికి గీత గీస్తే చాలు గానీ, అందులోంచి డబ్బు కదలాలంటే వేలు పెట్టాలి. దానికి తెలిసిన వేళ్లు రెండే. ఒకటి యువరాజుది, రెండోది భవ్యశ్రీది. ఆదివారం యువరాజు ఫోను ఇంట్లో వదిలి చేపల వేటకెళ్లాడు. ఇక మిగిలింది ఎవరు చెప్పండి?

సంతోషి వేలు అందులో లేదు. పెట్టి చూశారు, పట్టలేదు. పద్నాలుగేళ్లుగా పలాసలో జీడిపిక్కలు కొడుతోంది ఆమె. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ పిక్కలోని నూనె ఊరుకునేది కాదు, చర్మం తినేస్తుంది. వేళ్ల కొసలు నల్లబడి, నున్నబడి, గీతలన్నీ అరిగిపోయాయి. రేషను డిపోలో మిషను మీద వేలు పెడితే ఎర్ర దీపం. తుడిచి పెట్టినా ఎర్ర దీపమే. వెనకాల వరసలో వాళ్లు విసుక్కుంటారు. బ్యాంకులోనూ అదే గొడవని ఆమె కూలి కూడా యువరాజు ఖాతాలోనే వేయించుకుంటున్నారు. "గీతల్లేని కోడల్ని తెచ్చుకున్నాం, రేపు యముడొచ్చినా దీన్ని గుర్తట్టడు" అని రత్నాలమ్మ చుట్టాలు వచ్చినప్పుడల్లా అంటుంది. చుట్టాలు నవ్వుతారు. సంతోషి కూడా నవ్వుతుంది, కాఫీ గ్లాసులు తీస్తూ.

ఆ ఆట మొదట ఫోన్లో ఎక్కించింది భవ్యశ్రీయే, ఊరికే వచ్చేదాన్ని. రెండు రోజులాడి మొహం మొత్తి వదిలేసింది. ఒకనాడు అన్నం ఉడుకుతుంటే సంతోషి ఏదో నొక్కబోయి దాన్ని నొక్కింది. ఎర్ర కారు ఒకటి వచ్చి ఎదురుగా నిలబడింది. వేలు ఆనించింది, కదిలింది. ఎవరివని అడగలేదు. తుడిచి మళ్ళీ పెట్టమనలేదు. గీతలున్నాయా లేవా అని చూడలేదు. ఇటు తిప్పితే ఇటు, అటు తిప్పితే అటు. ఆ పూట అన్నం అడుగంటిపోయింది, రత్నాలమ్మ చేత మాట పడింది. మర్నాడు మళ్ళీ ఆడింది.

కొత్తగా పెళ్లయినప్పుడు ఓసారి బండి నేర్పమని అడగబోయింది. మాట పూర్తి కాకముందే యువరాజు "నువ్వు తోల్తే నాను ఎనకాల కూకోవాలేటి? ఊరు సూసి నవ్వదూ" అన్నాడు. అదే ఆఖరు. ఆ తర్వాత ఆటోలో అయిదుగురు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని పలాస పోవడం, రావడం. దారి ఎటు తిరిగేది డ్రైవరు ఇష్టం.

ఊరికే వచ్చే ఆటలో ఒకటే రోడ్డు. అదీ సగంలో ఆగిపోయి ఏవో ప్రకటనలు వస్తాయి. మూడొందల నలభై తొమ్మిది కడితే అన్ని రోడ్లూ తెరుచుకుంటాయని కింద రాసి ఉంది. కొండ ఎక్కే రోడ్డు, వాన పడే రోడ్డు, సముద్రం పక్కన కొబ్బరి చెట్ల మధ్య పోయే రోడ్డు. నెల రోజులు ఆ చివరి బొమ్మను చూసుకుంది సంతోషి. సముద్రం పక్కనే పుట్టింది, ఆ పక్కనే మెట్టింది, కానీ దాని పక్కన అలా ఊరికే పోయింది ఏనాడని? ఒక రోజు కూలి పోసి లేని రోడ్డు కొనుక్కుంటారా ఎవరైనా అని తనను తానే తిట్టుకుంది. శనివారం సాయంత్రం యువరాజు తెచ్చుకునే సీసా కూడా అంతే అవుతుంది, దాన్నెవరూ అడగరే అనుకుంది. అనుకున్నందుకు మళ్ళీ సిగ్గుపడింది.

ఆదివారం మధ్యాహ్నం భవ్యశ్రీ తలంటు పోసుకుని ఫ్యాను కింద పడుకుంది. రత్నాలమ్మ పక్కింటికి పోయింది. సంతోషి పిల్ల పక్కన కూర్చుని దాని బొటనవేలు పట్టుకుంది. మెత్తటి వేలు. గీతలు ఎంత స్పష్టంగా ఉన్నాయో, గుండ్రంగా తిరుగుతూ. కాసేపు వాటినే చూసింది. తర్వాత ఆ వేలు తెచ్చి ఫోను మీద ఆనించింది. అయిపోయింది. పిల్ల నిద్దట్లోనే ఒత్తిగిలి, ఆ చేతినే తల్లి ఒళ్లో వేసింది. ఆ చెయ్యి ఒళ్లో ఉండగానే సంతోషి గంటసేపు కొబ్బరి చెట్ల మధ్య కారు తోలింది. ఆ గంట ఎంత బాగుందో ఎవరికీ చెప్పుకోలేనంత బాగుంది, ఆ మాట కూడా దాచకూడదు.

ఇప్పుడు అరుగు దగ్గర భవ్యశ్రీ "నాను కాదు నాన్నా" అంది. మూడుసార్లంది. యువరాజు కొట్టలేదు, కొట్టే రకం కాదు. నెమ్మదిగానే తీర్పు చెప్పాడు. "వచ్చే వారం సెలవులిత్తారు కదా. రెండు నెల్లూ మీ అమ్మతోటి పిక్కలు కొట్టడానికెల్లు. ఒక ఆటకి ఎన్ని పిక్కలు కొట్టాలో నీకే తెలుత్తాది."

సంతోషి చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ వేలా? ఆ గీతలా?

భవ్యశ్రీ ఏడవలేదు. తన బొటనవేలు తిప్పి తిప్పి చూసుకుంది. తర్వాత గొంతు తగ్గించి, "నా వేలే కదా నాన్నా. తెలీకుండా నానే నొక్కీసుంటాను" అంది.

ఆ మాట సంతోషి ఎరుగును. అది తన మాటే. పెళ్లయిన ఏడాది రత్నాలమ్మ బియ్యం డబ్బాలో దాచిన నోట్లు కనబడకపోతే, అందరూ తన వైపు చూస్తుంటే, "తుడిసినప్పుడు నానే పడీసుంటానత్తా" అంది తను. నాలుగు రోజులకి అవి మావ చొక్కా జేబులో దొరికాయి. ఎవరూ ఏమీ అనలేదు, తనూ అనలేదు. చెయ్యని తప్పు నెత్తిన వేసుకోవడం ఈ పిల్లకి ఎవరు నేర్పారు?

"అది కాదు. నాను కొన్నాను" అంది సంతోషి.

యువరాజు నమ్మలేదు. "పిల్లని ఎనకేసుకురాకు. నీ వేలు దానికి తెలుసేటి?"

అసలు మాట చెప్పక తప్పలేదు. కత్తి కింద పెట్టింది. "పిల్ల తొంగుంటే దాని వేలట్టుకుని నొక్కినాను."

యువరాజు నవ్వాడు. కోప్పడతాడనుకుంది, నవ్వాడు. అది ఎక్కువ కాల్చింది. "కారు ఆటేటే నీకు" అని వాళ్లమ్మ వైపు తిరిగి, "సూసినావా నీ కోడలు డ్రైవరైపోనాది" అన్నాడు. రత్నాలమ్మ "సంసారం సేసుకునే ఆడదేనా" అని బుగ్గలు నొక్కుకుంది. సంతోషి చెవులు మండిపోయాయి.

భవ్యశ్రీ నవ్వలేదు. తల్లి దగ్గరికొచ్చి మడమల మీద కూర్చుంది.

"నన్ను లేపితే నానే ఏసీదాన్ని కదమ్మా. ఎందుకడగనేదు?"

సంతోషి దొంగతనం చేసినందుకు పడ్డ సిగ్గు ఒకెత్తు, మొగుడు నవ్వినందుకు పడ్డది ఒకెత్తు, ఇది వాటికి మించింది. అడగాలన్న ఊహే తనకి రాలేదు. ముప్పై ఆరేళ్లొచ్చి, ఇది నాకు కావాలి అని కన్నకూతుర్ని కూడా అడగడం తెలియకుండా బతికింది, పడుకున్న పిల్ల వేలు దొంగిలించడం మాత్రం తెలిసింది.

"తప్పయిపోనాది తల్లీ" అంది. పిల్ల తల ఊపింది గానీ, చెయ్యి ఇవ్వలేదు.

అరుగు మీద యువరాజు ఇంకా నవ్వుతూనే, ఆ దరిద్రం ఫోన్లోంచి తీసి పారేస్తానంటూ ఎర్ర కారు బొమ్మ మీద వేలు అదిమి పట్టుకున్నాడు.

"తీసీకు" అంది సంతోషి. మళ్ళీ అంది, ఈసారి తలెత్తి, అతని ముఖంలోకి చూస్తూ. "అది నాకు కావాల."

ముఖం సిగ్గుతో ఇంకా మండుతూనే ఉంది. అయినా అన్న మాట వెనక్కి తీసుకోలేదు.