మీటింగులో అన్న మాట

పొద్దున బండి తిరువాలంగాడులో ఆగగానే విద్యాలక్ష్మి ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కేది. తిరుత్తణి నుంచే కూర్చుని వచ్చే తనుశ్రీ కిటికీ పక్కన ఆమెకు చోటు పట్టి ఉంచేది. ఒకే డబ్బాలో ఇడ్లీ తింటూ, సగం తెలుగు సగం తమిళం మాట్లాడుకుంటూ తిరువళ్ళూరు దాకా పోయేవాళ్ళు. ఊరవతల ప్రైవేటు కాలేజీలో ఇద్దరిదీ బి.బి.ఏ. ఆఖరి సంవత్సరం.

ఆ ఏడు కాలేజీ కొత్తగా ఒక కోర్సు పెట్టింది. పేరు లీడర్‌షిప్ అండ్ కమ్యూనికేషన్. అందరూ చదివి తీరాల్సిందే. క్లాసు సాయంత్రం, మిగతావన్నీ అయిపోయాక. హాజరు తగ్గితే హాల్‌టికెట్ ఇవ్వరు. పుస్తకం చూస్తే మొదటి సంవత్సరం చదివిన పాఠాలే, అట్ట మాత్రం కొత్తది. ఈ క్లాసు వల్ల దూరం పిల్లలకు ఖాళీగా ఉండే బండి తప్పిపోయేది. తర్వాతి బండి షిఫ్టు దిగిన మగవాళ్ళతో కిక్కిరిసి వచ్చేది, ఆడవాళ్ళ పెట్టెతో సహా. క్లాసంతా గొణిగింది. గొణిగి ఏం లాభం, క్లాసు తరఫున రెప్ పోయి డీన్ పెట్టే మీటింగులో చెప్పాలి.

రెప్‌ను పిల్లలు ఎన్నుకునే పద్ధతి లేదు. డీన్ నటరాజే ఒక పేరు చదివేవాడు. నోట్లో నాలుక లేని పిల్ల అనుకున్నాడేమో, ఈసారి విద్యాలక్ష్మి పేరు చదివాడు.

ఆ కాలేజీ మీటింగు గదిలో రెప్ మాట్లాడితే గొంతు అక్కడ వినపడదు, వాళ్ళ ఇంట్లో వినపడుతుంది. కాలేజీ కట్టినప్పటి నుంచీ అంతే. అంతకుముందు రెప్‌గా ఉన్న శశికుమార్ ఫీజుల గురించి అరిచిన అరుపులు పట్టాభిరాంలో వాళ్ళ నాయన బట్టల అంగట్లో, చీరల బేరం మధ్యలో వినపడ్డాయి. ఆ రోజు ఇంట్లో తిన్న తిట్లకు అతను మళ్ళీ నోరు విప్పలేదు. మీటింగుకు పోయి టీ తాగి వచ్చేవాడు.

విద్యాలక్ష్మి మొదట్లో పాఠాల సంగతే మాట్లాడింది. వంటింట్లో కూతురి గొంతు మొదలవగానే రుక్మిణమ్మ మిక్సీ వేసేది, మొగుడి చెవిన పడకుండా. కుప్పయ్య చెడ్డవాడు కాదు. ఆడపిల్లకు కాలేజీ ఎందుకన్న అన్నదమ్ములతో తగువు పడి బిడ్డను చదువుకు పంపినవాడు. కానీ బిడ్డ విషయంలో పిరికివాడు.

విద్యాలక్ష్మి కాలేజీకి రాని ఒక రోజు సాయంత్రం కిక్కిరిసిన బండిలో ఒకడు తనుశ్రీ మీద చెయ్యి వేశాడు. ఆమె కడంబత్తూరులో దిగిపోయి, వాళ్ళన్న వచ్చేదాకా ప్లాట్‌ఫారం మీద ఏడుస్తూ కూర్చుంది. ఆ తర్వాత సాయంత్రం క్లాసుకు ఉండటం మానేసింది. పరీక్షకు అనుమతి లేనివాళ్ళలో ఆమె పేరు నోటీసు బోర్డుకెక్కింది.

"నువ్వు చెప్పొద్దులేవే," అంది తనుశ్రీ. "మీ ఇంట్లో ఇనపడతాది. మీ నాయన నిన్నూ మానిపిస్తాడు."

"గట్టిగా చెప్తే ఆడ మీటింగులో కూడా ఇనపడతాదేమో."

"ఇంతవరకూ ఎవురిదన్నా ఇనపడిందా?"



తర్వాతి మీటింగులో విద్యాలక్ష్మి లేచి నిలబడింది. తనుశ్రీకి జరిగింది చెప్పింది. తను కూడా తిరువాలంగాడు వచ్చేదాకా వేళ్ళ మధ్య పిన్నీసు పట్టుకుని నిలబడుతున్నానని చెప్పింది. గొంతు మండేటట్టు చెప్పింది. డీన్ ఆమె పెదవుల వంక దయగా చూస్తూ, అవి ఆగేదాకా ఓపిక పట్టాడు.

"గుడ్. విద్యార్థుల వైపు నుంచి అభ్యంతరం లేదు," అని పక్కాయనకు చెప్పి, బిస్కెట్ల ప్లేటు ఆమె వైపు జరిపాడు.

ఇంట్లో రుక్మిణమ్మ చెయ్యి మిక్సీ మీదికి పోయింది. పిన్నీసు మాట విని అక్కడే ఆగిపోయింది. అన్నం తింటున్న కుప్పయ్య మొత్తం విన్నాడు. సగం అన్నం వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

సాయంత్రం బండికి స్టేషన్‌కు వచ్చి నిలబడ్డాడు. తిట్టలేదు. నడుస్తూ అడిగాడు.

"ఇన్ని దినాలు చెప్పలేదేమే?"

"చెప్తే మానిపిస్తావని, నాయనా."

"మానిపించక ఏం చేసేది? దినమూ నీతో బండ్లో వచ్చేదానికి అవతాదా నాకు?"

"కాలేజీలో మాట్లాడొచ్చు కదా."

"మాట్లాడతా. రేపే పోయి టీసీ అడగతా."

ఆమె ఏడ్చింది. అతనూ కళ్ళు తుడుచుకున్నాడు, కానీ మాట మార్చుకోలేదు.

మరునాడు ఇద్దరూ నోటీసు బోర్డు పక్కగా పోయారు. తనుశ్రీ పేరు అక్కడే ఉంది. అదే గదిలో కుప్పయ్య చేతులు కట్టుకుని, మామూలు గొంతుతోనే అన్నాడు: "సాయంత్రం బండ్లో ఆడబిడ్డ రాలేకపోతా ఉంది సార్. టీసీ ఇచ్చేయండి."

ప్రతి మాటా ఖంగున వినపడింది. డీన్ కుర్చీలోంచి లేచినంత పని చేశాడు.

"అయ్యో, కూర్చోండయ్యా! ఇంత కష్టముందని మాకెవరూ చెప్పలేదే. ముందే ఒక మాట అనుంటే టైము మార్చి ఉండేవాళ్ళం," అని నొచ్చుకుంటూనే సంతకం పెట్టాడు.

విద్యాలక్ష్మి తలెత్తింది.

"చెప్పినాను సార్. ఈడనే నిలబడి చెప్పినాను."

డీన్ చిన్నగా నవ్వి, కాగితం తండ్రి చేతికిచ్చాడు. కుప్పయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తిరువాలంగాడులో, ఇంకెవరూ లేని ఇంట్లో బియ్యం చెరుగుతున్న రుక్మిణమ్మ చేట కింద పెట్టింది.

"ఇన్నాలే తల్లీ," అంది.