చెక్క సెక్షన్

పిల్ల కింద పడ్డ చప్పుడు విని హెడ్మాస్టరు పరిగెత్తింది పిల్ల దగ్గరికి కాదు, హాజరుపట్టీ దగ్గరికి.

స్కూలు వెనకాల లేస్తున్న కొత్త భవనం మీద, స్లాబు కోసం పరిచిన చెక్కల అంచు ఒరిగి, వడ్రంగం సెక్షన్ పిల్ల ఒకతి కంకర కుప్ప మీద పడింది. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. తోటి పిల్లలు ఆమెను ఒక చెక్క మీద పడుకోబెట్టి ఆసుపత్రికి మోస్తుండగానే, హెడ్మాస్టరు తన గదిలో కూర్చుని ఆమె పేరుకెదురుగా ‘గైర్హాజరు’ అని గుర్తు పెట్టాడు. సిరా ఆరాలని ఉఫ్‌మని ఊదాడు కూడా. మేస్త్రీ సార్ గుమ్మంలో నిలబడి అదంతా చూశాడు.

మేస్త్రీ సార్ అంటే అక్కడ వడ్రంగం నేర్పే మనిషి. ముప్ఫయ్యేళ్ళు తలుపులూ కిటికీలూ చేసి, బడిలో చేతిపనులు నేర్పుతారట అంటే సంబరపడి వచ్చి చేరాడు. పిల్లలు సార్ అన్నారు, పంతుళ్ళు మేస్త్రీ అన్నారు, చివరికి రెండూ కలిసి అతుక్కున్నాయి. స్టాఫ్ రూములో కుర్చీలన్నీ అతను చేసినవే, కూర్చోవడానికి మాత్రం అతనికొకటి లేదు. కాలు ఊగిన కుర్చీని బాగుచెయ్యమని పిలిచేవాళ్ళు, చేశాక వెళ్ళమనేవాళ్ళు.

పదో తరగతిలో మార్కులు తక్కువొచ్చిన వాళ్ళని ఏరి ఆ సెక్షన్‌లోకి తోలేవారు. దానికి ‘చెక్క సెక్షన్’ అని ముద్దుపేరు. “చదువు అబ్బని చేతికి సుత్తయినా అబ్బుతుంది” అని హెడ్మాస్టరు అసెంబ్లీలో అనేవాడు, ఏదో ఉపకారం చేస్తున్నట్టు. మొత్తం నలభై మంది. రెండు నెలలు కొలవడం, గీయడం, ఉలి పట్టడం, కొయ్యకి కొయ్య అతికించడం నేర్చుకున్నారు. అంతే, కాంట్రాక్టరు దిగబడ్డాడు. హెడ్మాస్టరుకి వేలువిడిచిన బావ. “ప్రాక్టికల్స్ మా సైటులోనే చేయించండి, పిల్లలకి అనుభవం వస్తుంది” అన్నాడు. అనుభవమంటే నాలుగు నెలలు చెక్కలు ఎత్తడం, మేకులు కొట్టడం, పీకడం. జీతం లేదు. తలకి టోపీ లేదు. పాఠం ఊసే లేదు. దీనికి చదువని పేరు పెట్టినవాళ్ళ నోళ్ళు ఏ నీళ్ళతో కడిగితే శుభ్రపడతాయో నాకు తెలియదు.

పడిన పిల్లకి తోటివాళ్ళు పెట్టిన పేరు ‘మూలమట్టం’, వడ్రంగి మూలలు సరిచూసుకునే పనిముట్టు పేరు. ఏ మూలలో వంకరున్నా ఇట్టే పట్టేసేది, చెక్కలోదైనా మనిషిలోదైనా. ఆ ఉదయం కూడా పట్టేసింది.

“సార్, ఈ ఊతకర్ర కింద ఇటుక కదులుతోంది. బరువు పడితే ఆగదు.”

“నీ లెక్కలు పరీక్షలో రాసుకో. ముందు పైకెక్కు” అన్నాడు కాంట్రాక్టరు.

ఆమె మేస్త్రీ సార్ వైపు చూసింది. అతను కాంట్రాక్టరు వైపు చూశాడు.

“ఎక్కమ్మా. జాగ్రత్త” అన్నాడు.

మర్నాడు హెడ్మాస్టరు అతన్ని పిలిచి బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. ఆ పిల్ల బడి ఎగ్గొట్టి, ఎవరి అనుమతీ లేకుండా, తనంతట తానే సైటు ఎక్కిందని అందులో ఉంది. కాంట్రాక్టరు పక్కనే కాలు మీద కాలేసుకుని పళ్ళు కుట్టుకుంటున్నాడు.

“సంతకం పెట్టు మేస్త్రీ. ఆ పిల్ల పేరు కొట్టేస్తే గొడవ వదిలిపోతుంది.”

“కాలికి ఆపరేషను చెయ్యాలట కదండీ. వారంలో చెయ్యకపోతే తీసెయ్యాలంటున్నారు.”

“చెయ్యించుకోమను. రానేరాని పిల్లకి స్కూలెలా బాధ్యత వహిస్తుంది?”

మేస్త్రీ సార్ కాంట్రాక్టరు వైపు తిరిగాడు.

“నన్నెందుకు చూస్తావయ్యా? మా పనివాళ్ళకి దెబ్బ తగిలితే వైద్యం నాదే. చట్టముంది, కాదననుగా. ఈ పిల్ల నా పనిమనిషి కాదే. స్కూలు పిల్ల.”

సుత్తి పట్టినప్పుడు పనిమనిషి, పడ్డప్పుడు స్కూలు పిల్ల! మేస్త్రీ సార్‌కి ఆ మాట నోటిదాకా వచ్చింది.

“రేపు పెడతానండీ” అని మాత్రం అని, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టకు” అన్నాడు హెడ్మాస్టరు వెనకనుంచి.

బయట పిల్ల తల్లి నిలబడి ఉంది. ఆ సైటులోనే ఇసుక తట్టలు మోస్తుంది. తట్ట తనతోనే పోవాలని కూతుర్ని బడికి పంపింది.

“అన్నా, ఈ పిల్ల ఎవరి తాలూకని ఆసుపత్రిలో అడుగుతున్నారు. స్కూలు తాలూకా, కంపెనీ తాలూకా అని. ఏం చెప్పమంటావ్?”

అతనికి తన మీద తనకే అసహ్యమేసింది. అక్కణ్ణుంచి సరాసరి పనిగదికి వెళ్ళి, ముప్ఫైతొమ్మిది మంది ముందూ హెడ్మాస్టరు గదిలో అన్న మాటలన్నీ చెప్పి, ఆ కాగితం చదివి వినిపించాడు.

“ఇది అబద్ధం. ఇటుక కదులుతోందని దానికి తెలుసు, నాకూ తెలుసు. ఎక్కమంది నేనే” అన్నాడు.

వెనక బల్ల మీది పిల్ల లేచింది. “మాకు తెలుసు సార్. మేమూ అక్కడే ఉన్నాం. మాలో ఒక్కళ్ళం కూడా వద్దనలేదు.”

అప్పుడు కట్టలు తెగాయి. అర్జీ పెడదామన్నాడొకడు. అర్జీ తీసుకునేది హెడ్మాస్టరేగా అన్నాడింకొకడు. మార్కులు పోతాయని ఒకడు భయపడితే, ఈ సెక్షన్‌లో మార్కులతో ఏం చేస్తార్రా, మేకుకి తగిలిస్తారా అని మిగతావాళ్ళు నవ్వారు. కోసినట్టు మాట్లాడతాడని ‘రంపం’ అని పేరు పడ్డ కుర్రాడు బల్ల మీద గుద్దాడు.

“పగలగొడదాం. ఆ చెక్కలన్నీ తగలబెడదాం!”

“పగలగొట్టడానికి పని రానక్కర్లేదు రా. మనకి వచ్చు. అది మన చేత్తో తప్పుగా కట్టిన పని. దాని మీద స్లాబు పడితే రేపు కింద ఇంకెవరో చస్తారు. మనం కట్టింది మనం విప్పుదాం” అన్నాడు మేస్త్రీ సార్.

“తిన్నింటి వాసాలు లెక్కపెట్టొద్దన్నాడు కదా సార్ ఆయన?”

“వాసాలు లెక్కపెట్టడమే కదరా మన పని” అన్నాడు మేస్త్రీ సార్. ఆ పిల్ల పడ్డాక వాళ్ళు నవ్వడం అది రెండోసారి.

మర్నాడు ఉదయం ఆ చెక్కల మీద ఇనుము పరవాలి. పొద్దెక్కకముందే మేస్త్రీ సార్‌తో కలిపి నలభై మందీ సైటు మీదికెక్కారు. ముందు ఊతకర్రలు సరిచేసి బిగించారు, ఆ తర్వాతే విప్పడం మొదలుపెట్టారు. ఒకరు మేకు పీకితే ఒకరు చెక్క అందుకున్నారు, కింద ఇంకొకరు పేర్చారు. పెద్దవి పెద్దవాటితో, చిన్నవి చిన్నవాటితో. వంగిన మేకుల్ని రాయి మీద సాగగొట్టి డబ్బాల్లో పోశారు. నాలుగు నెలల్లో కాంట్రాక్టరు చూడని శుభ్రమైన పని అది. పనిలోకొచ్చిన కూలీలు తట్టలు పట్టుకుని చూస్తూ నిలబడిపోయారు. తల్లి వాళ్ళ ముందు నిలబడింది. ఎనిమిదయ్యేసరికి స్లాబు ఉండాల్సిన చోట ఆకాశం కనిపించింది.

జీపు వచ్చింది. ఎస్సై దిగుతూనే రంపం చెంప ఛెళ్ళుమనిపించాడు, ఎందుకో అడక్కుండానే. తర్వాత విరిగిందేదైనా ఉందేమోనని చుట్టూ వెతికాడు. ఒక్క చెక్కకి పగులు లేదు.

“బయటివాళ్ళు చొరబడ్డారని రాయమంటారా?” అని కాంట్రాక్టర్ని అడిగాడు.

“చొరబడ్డమేంటండీ? నాలుగు నెలలుగా రోజూ వస్తున్నాం. ఆ మేకులు కొట్టింది మేమే” అన్నాడు రంపం చెంప తడుముకుంటూ.

“విన్నారా!” కాంట్రాక్టరు చిందులు తొక్కాడు. “నా దగ్గర పనిచేస్తూ నా పనే ఊడబీకారు! నా పనివాళ్ళే చేశారని రాయండి!”

హెడ్మాస్టరు చొక్కా పట్టి లాగాడు. “బావా, స్టూడెంట్సని చెప్పు, స్టూడెంట్స్...”

“నువ్వూరుకోవయ్యా! స్టూడెంట్సంటే పిల్లలు పాపమని సాయంత్రానికి వదిలేస్తారు. నలభై మందీ నా పనివాళ్ళే. ఒక్కణ్ణి కూడా వదలొద్దు!”

ఎస్సై రాశాడు. కాంట్రాక్టరు చదవకుండానే కింద సంతకం గీకాడు. దీనికి పెద్ద ఎవడని ఎస్సై అడిగితే, మేస్త్రీ సార్ ముందుకొచ్చి హెడ్మాస్టరిచ్చిన కాగితం తిప్పి ఇచ్చాడు. వెనకవైపు అతని చేతిరాత: ‘ఎక్కమన్నది కాంట్రాక్టరు. ఊతకర్ర ఆగదని తెలిసీ సరేనన్నది నేను.’ దాని కింద అతని సంతకం. ఎస్సై అతని చేతులకి బేడీలు వేయించాడు.

అప్పుడు తల్లి తట్ట కింద పెట్టి జీపు దగ్గరికొచ్చింది.

“బాబూ, నాకు చదువు రాదు. ఏం రాశారో కాస్త చదవండి.”

ఎస్సై విసుక్కుంటూ చదివాడు. “పై కాంట్రాక్టరు వద్ద నాలుగు నెలలుగా పనిచేయుచున్న నలభై మంది వడ్రంగి పనివారు...”

“లెక్క తప్పు బాబూ. నలభై కాదు, నలభైఒకటి. మా అమ్మాయిని వదిలేశారు.”

“అది ఆసుపత్రిలో పడుందిగా? అదేం విప్పింది?”

“విప్పలేదు బాబూ. కట్టింది. నాలుగు నెలలూ వీళ్ళతోపాటే కట్టింది. వీళ్ళు ఈయన పనివాళ్ళయితే అదీ ఈయన పనిమనిషే. రాయండి.”

కాంట్రాక్టరు మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇప్పుడర్థమైంది. కాగితం కోసం చెయ్యి చాపాడు. ఆ చేతికీ కాగితానికీ మధ్య కూలీలొచ్చి నిలబడ్డారు. తట్టలు బోర్లించి జీపు చక్రాల ముందు కూర్చున్నారు. స్కూలు కిటికీల్లోంచి చూస్తున్న లెక్కల సెక్షన్ పిల్లలు, పంతుళ్ళు అరుస్తున్నా వినకుండా, దిగొచ్చి వాళ్ళ పక్కన కూర్చున్నారు.

ఎస్సై హారను కొట్టించాడు. లాఠీ తీశాడు. ముందు వరసలో ముగ్గురికి దెబ్బలు తగిలాయి. ఒక్కరూ లేవలేదు.

“రాయండి” అంది తల్లి.

చాలాసేపటికి ఎస్సై కలం మూత తీసి, తలెత్తకుండానే అడిగాడు.

“పేరు?”

తల్లి నోరు తెరిచేలోపే నలభై గొంతులు ఆ పేరు చెప్పాయి. నేల మీద కూర్చున్నవాళ్ళంతా మళ్ళీ చెప్పారు.