కనకవల్లి చిట్టా చదివిన రోజు

నేను ఒక హార్డ్ డిస్కుని. లోపల పళ్లెం గిర్రున తిరిగే, అరచేతిలో పట్టే ఇనప డబ్బాని. ఎక్కడో సముద్రం అవతల, దుమ్ము చొరబడని గదిలో, తెల్ల ముసుగులు వేసుకున్న మనుషుల చేతుల్లో పుట్టాను. అంత శుభ్రంగా పుట్టినదాన్ని రెండేళ్లు ఒక నెట్ సెంటర్లో తిరిగి, అది మూతపడ్డాక చీరాలలో మిర్చి బజ్జీల బండి పక్కనున్న డీటీపీ సెంటరుకి చేరాను. దాని యజమానురాలు కనకవల్లి. బజ్జీ నములుతూనే కీబోర్డు మీద వేళ్లు పరిగెత్తించే మనిషి. అక్కడ గడిచిన పదేళ్లూ తలచుకుంటే ఇప్పటికీ నాకు ప్రాణం లేచొస్తుంది.

పెళ్లికార్డులు, కరపత్రాలు, బడి ప్రశ్నపత్రాలు ఎన్నని మోశానో! కరెంటు పోతే మాత్రం నా గుండె గుభేలుమనేది. మళ్లీ వచ్చాక కంప్యూటరు మర్యాదగా అడిగేది, డిస్కు తనిఖీ చేస్తాను, వద్దనుకుంటే ఏదో ఒక మీట నొక్కండి అని. మనుషులకి వద్దనే వీలిస్తే చాలు కదా! కనకవల్లి టక్కున నొక్కేసేది. గుమ్మంలో జనం కార్డుల కోసం నిలబడి ఉంటే నా ఒంట్లో నలత ఎవరికి కావాలి?

ఆ రోజుల్లోనే భూషణంగారు రావడం మొదలుపెట్టారు. డెబ్బై దాటిన నేతగాడు. పాతకాలపు చీర అంచుల లెక్కలన్నీ ఆయన నోటిలోనే ఉన్నాయి, కాగితం మీద ఒక్కటీ లేదు. ఏ అంచుకి ఎన్ని పోగులు ఎత్తాలో, ఎన్ని వదలాలో పాడినట్టు చెప్పేవారు.

"రాసుకో అమ్మాయ్. నాలుగెత్తు, రెండొదులు. మళ్లా నాలుగెత్తు. బజ్జీ తర్వాత తినొచ్చులే."

ఆరు నెలల మధ్యాహ్నాలు అలా గడిచాయి. ఆ గొంతు వింటూ తిరగడం నాకెంత ఇష్టంగా ఉండేదో చెప్పలేను. నూట పన్నెండు అంచులు పూర్తయ్యాక ఆయనకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది.

ఆ వారమే ఒక ఉదయం కరెంటు పోయి వచ్చింది. కనకవల్లి ఆయన కోడలితో ఫోనులో మాట్లాడుతూ మీట నొక్కడం మరిచింది. ఏళ్లుగా వాయిదా పడుతున్న తనిఖీ మొదటిసారి పూర్తిగా జరిగింది. తీరా చూస్తే భూషణంగారి పేరున్న ఫోల్డరు లేదు. పేరు కొట్టి వెతికినా లేదు. ఇంకోచోట దాచుకోవాలన్న ఆలోచన మనుషులకి పోయాకే వస్తుంది.

"ఉన్నదంతా తుడిచేసి ఫార్మాట్ కొడదామక్కా, కొత్తదాన్లా అయిపోద్ది" అన్నాడు రిపేరు ఖాదర్. ఏ రోగానికైనా అతని మందు అదే.

"నువ్వుండవయ్యా! ఆయన మళ్లీ చెప్పగలరా? నోరు పడిపోయి మంచంలో ఉన్నారు" అంటూ కనకవల్లి ఏడ్చేసింది.

ఖాదర్ మెత్తబడ్డాడు. "తనిఖీలో ఏం చేసిందో కంప్యూటరే రాసి పెట్టుకుంటదక్కా. ఈవెంట్ వ్యూయర్లో ఉంటది. ఎవరూ చదవరనుకో."

ఆ చిట్టా ఉండేదీ నా మీదే. ఇన్నేళ్లలో ఒక్కరూ తెరిచిన పాపాన పోలేదు. ఆ ఉదయం తనిఖీ జరిగిన వేళని బట్టి వెతికి ఖాదర్ తెరిస్తే, కనకవల్లి ఒక్కొక్క ఇంగ్లీషు ముక్కా వేలు పెట్టి చదివింది. ఒక ఫోల్డరు చెడిందనీ, అందులో ఉండి దిక్కులేనిదైన ఫైలుని వేరేచోటికి చేర్చాననీ కంప్యూటరు రాసుకుంది. ఆ ఫైలు పేరు మాత్రం 'పెళ్లికార్డు ఏడు'.

"పెళ్లికార్డు నాకెందుకు?" అని కిందికి జరిపేసింది. నా ప్రాణం ఉసూరుమంది.

మరుక్షణం నెత్తి కొట్టుకుంది. అక్షరాల కొలతలు కుదిరి ఉంటాయని డీటీపీ వాళ్లు పాత కార్డునే తెరిచి, మాటలు చెరిపి కొత్తవి కొడతారు. పేరు మార్చడం రేపు చూసుకోవచ్చనుకుంటారు. భూషణంగారి ఫోల్డర్లో ఉన్న ఆ ఒక్క ఫైలూ ఆరు నెలలుగా పెళ్లికార్డుగానే బతికింది. ఆ ఫైలుని చేర్చిన, కంటికి కనపడకుండా దాగి ఉన్న ఫోల్డరుని ఖాదర్ పైకి తీశాడు. నూట పన్నెండు అంచులూ క్షేమం. ఆ పూట నాకూ ఏడుపొచ్చింది.

పది రోజులకి కోడలు భూషణంగారిని ఆటోలో తీసుకొచ్చింది. కనకవల్లి తెర చూస్తూ చదువుతుంటే ఆయన ఎడమ చేత్తో బల్ల మీద తాళం వేశారు. నలభయ్యో అంచులో తాళం ఆగింది.

"రెండొదులు" అని ఆమె మళ్లీ చదివింది. ఆయన తల అడ్డంగా ఊపి వేళ్లు చూపించారు.

"మూడా బాబాయ్? నేనే తప్పు కొట్టానా?"

ఆయన సగం నోటితో నవ్వారు. ఆమె దిద్ది, భద్రపరిచింది.

మర్నాడు అన్నీ కొత్త డిస్కుకి ఎక్కించి నన్ను సొరుగులో పెట్టారు. నేను మళ్లీ తిరగలేదు. మాట పోయాక భూషణంగారు వేళ్లతో చెప్పిన ఆ 'మూడే' నా మీద రాసిన చివరి అక్షరం.