ఎండాకాలపు ద్రాక్షారసం

బూర్గంపాడు దగ్గరున్న ఆ చిన్న చర్చిలో ఎవరు పరిశుద్ధ దేశ యాత్రకు వెళ్లొచ్చినా రెండు పనులు చెయ్యాలి. యోర్దాను నది నీళ్లు తెచ్చి తలా ఒక చుక్క పంచాలి, మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యానికి ఒక కొలత ఉంది. నెబో కొండ ఎక్కితే ఒళ్లు పులకరించింది, నదిలో మునిగితే మోకాళ్ల నొప్పులు పోయాయి, దేవునికి స్తోత్రం, అంతే. సంపూర్ణ కూడా అక్కడితో ఆగితే ఏ గొడవా లేదు. కానీ ఆమె ముప్పై ఏళ్లు చర్ల అడవి పల్లెల్లో నర్సమ్మగా తిరిగిన మనిషి. జ్వరాన్ని జ్వరమనీ ఆకలిని ఆకలనీ రిజిస్టర్లో రాసి పైవాళ్ల చేత తిట్లు తిన్న మనిషి. జరిగింది జరిగినట్టు చెప్పడం తప్ప ఆమెకు వేరే విద్య రాదు.

"ఆడ నేను బీరు తాగిన," అంది మైకులో. "మస్తుగుండె."

జోర్డాన్ కొండల్లో యాత్ర బస్సు చెడిపోయి ఒక క్రైస్తవుల ఊళ్లో ఆగింది. రోడ్డు పక్క ఇంటివాళ్లు పద్దెనిమిది మందినీ ద్రాక్ష పందిరి కింద కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చారు. అందరూ తాగి కునుకు తీస్తుంటే సంపూర్ణ ఒక వాసన పట్టుకుని పెరట్లోకి నడిచింది. అక్కడ రేకుల షెడ్డులో ఆ ఇంటి కోడలు, మెడలో శిలువ, చేతిలో పెద్ద గరిటె, బార్లీ నానబెట్టి బీరు చేస్తోంది. ఒక పీపా మూత ఎత్తి చూపించింది. లోపల తెల్లటి నురుగు పొంగుతోంది. ఆ వాసన తనకు ఎక్కడో బాగా తెలుసనిపించింది సంపూర్ణకు, ఎక్కడో మాత్రం గుర్తు రాలేదు.

కోడలు ఒక గ్లాసు ఇచ్చింది. సంపూర్ణ భర్త ఆదాము మందు తాగే చచ్చాడు. మందంటే ఆమెకు పగిలిన సీసా, వాచిన చెంప, అర్ధాకలి. గ్లాసు తిరిగి ఇచ్చేయబోయింది. కానీ ఆ పక్కనే ఇంటి ముసలాయన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఒక్క గ్లాసు ముందు పెట్టుకుని గంట నుంచి గుటక గుటకగా తాగుతున్నాడు. కోడలు ఆయన్ని ఏదో అని నవ్వింది, ఆయనా నవ్వాడు. ఎవరూ ఎవరికీ భయపడటం లేదు. సంపూర్ణ ఒక గుటక వేసింది. కాల్చిన రొట్టె వాసన, వెనక సన్నగా మెంతుల చేదు. గ్లాసు మొత్తం తాగింది. అరవై మూడేళ్ల వయసులో మొదటిసారి మందు దగ్గర కూర్చుని కూడా భయపడలేదు, అందుకు ఏడుపొచ్చింది.

ఇదంతా మైకులో చెప్పింది. ఆరాధన అయ్యాక పాస్టరు ఎబినేజర్ ఆమెను పక్కకు పిలిచాడు.

"సంపూర్ణమ్మా, మే నెల మొదటి ఆదివారం దాకా టైమిస్తున్న. సంఘం ముందల మోకరించి తప్పయిందని ఒప్పుకో. లేకుంటే ప్రభువు బల్ల కాడ నీకు చోటు లేదు. ద్రాక్షారసం గూడ ఇగ వేరేవాళ్లు చేస్తరు."

రసం మాటే ఆమెకు ఎక్కువ తగిలింది. ప్రభువు బల్లంటే నెల మొదటి ఆదివారం అందరూ రొట్టె తిని రసం తాగే ఆరాధన; ఇరవై రెండేళ్లుగా నెలనెలా ఆ రసం చేసేది ఆమే. బుధవారం ఎండుద్రాక్ష కడిగి కుండలో నానబెడుతుంది, శనివారం పిసికి వడగడుతుంది, ఆదివారం ఎత్తుకొస్తుంది. ఆదాము పోయిన వారమే మొదలుపెట్టిన పని, ఆమెను బతికించిన పని.

"తప్పు చేసినట్టు నాకనిపిస్తలేదు అయ్యగారూ. లేని పశ్చాత్తాపం యాడికెల్లి తేవాలె?"

"ఆదాము ఎట్ల పోయిండో మరిచినవా?"

సంపూర్ణకు కోపం నషాళానికెక్కింది. "ఆయన శవాన్ని కడిగింది నేను. మీరు అప్పటికి ఈ ఊరే రాలే. ఆయన పేరు నా మీద కర్ర లెక్క వాడకుండ్రి."

మే వచ్చింది. గోదావరి ఒడ్డున ఇసుక కాలిపోతోంది. సంపూర్ణ ఎప్పటిలాగే ద్రాక్ష నానబెట్టి, వడగట్టి, ఆదివారం పొద్దున్నే కుండ మీది బట్ట తీసింది. పైన తెల్లటి నురుగు. ప్రతి ఎండాకాలమూ వచ్చేదే, ప్రతిసారీ గరిటెతో తీసేసేదే. ఎండాకాలపు రసానికి ఏదో మహిమ ఉందని సంఘమంతా అనుకునేది. ఆమె వంగి వాసన చూసి, అలాగే కూలబడింది. రేకుల షెడ్డు, కోడలు ఎత్తిన మూత, అదే నురుగు, అదే వాసన. వంటింట్లో ఒక్కతే పడీపడీ నవ్వింది. నురుగు తీసేసి నోరు మూసుకోవచ్చు. గరిటె చేతిలోకి తీసుకుంది కూడా. మళ్లీ గోడకు తగిలించి, నురుగుతోనే కుండ ఎత్తుకుని బయల్దేరింది.

చర్చిలో కుండను బల్ల మీద పెట్టి బట్ట తీసింది. మోకరించలేదు.

"ఒకపారి వాసన చూడుండ్రి అయ్యగారూ."

ఎబినేజర్ చూశాడు. "ఏముంది? ఎండకాలం రసం ఎప్పుడూ గిట్లనే ఉంటది గద."

"అవ్, ఇరవై రెండేండ్ల సంది గిట్లనే ఉంది. ఆడ పీపాల పొంగింది గూడ గిదే. ఎండకు పులిసి కొద్దిగ మందైంది. నాకు తెల్వక చేసిన, మీకు తెల్వక తాగిండ్రు. గీ ఒక్కదానికి మాత్రం తప్పైందని అంటున్న. ఆ బీరుకు అనను. గ్లాసెడు తాగినందుకు మోకరించాలంటే లేవుండ్రి, అందరం కలిసి మోకరిద్దాం. నేనొక్కదాన్నే అయితే మోకరించ."

సంఘపెద్ద జయరాజ్ గొంతు సవరించుకున్నాడు. "పారబోద్దాం. కొట్టుల షర్బతు సీసా దొరుకుతది."

"పారబోస్తే ఊకోను." ముందు చాప మీద నుంచి పిచ్చమ్మ అంది. ఎనభై దాటిన ముసలిది, చెవులు సరిగా వినపడవు, కానీ కావలసినవి వినపడతాయి. "మే నెల రసం కోసం నేను ఏడాదంత చూస్త. ఇన్నేండ్లు దేవుడు పైనుంచి చూస్తనే ఉన్నడు, ఏమన్నడా? నువ్వేంది అనేది?" వణికే చెయ్యి చాచింది, గ్లాసు ఇమ్మని.

ఎబినేజర్ కుండ వంక, పిచ్చమ్మ చెయ్యి వంక, చర్చిలో ఒక్కొక్క ముఖం వంక చూశాడు. అందరి ముఖాల్లోనూ గడిచిన ఎండాకాలాలు కనపడ్డాయి కాబోలు, కళ్లు మూసుకుని మామూలుకన్నా పొడుగు ప్రార్థన చేసి, రసం పోశాడు.

జయరాజ్ పళ్లెం తిప్పాడు. రివాజు ప్రకారం అందరూ మోకరించి తాగారు. సంపూర్ణ దగ్గరికి రాగానే అతని చెయ్యి ఆగింది, పాస్టరు వైపు తిరిగి చూశాడు. పాస్టరు ఏం చెబుతాడో ఆమె చూడలేదు. చెయ్యి చాచి తన గ్లాసు తానే తీసుకుంది. నిలబడే తాగింది.