తలకిందుల రెక్క

గుమ్మం దిగగానే సముద్రం మోకాళ్ళ దాకా వస్తోంది, కానీ చీర తడవడం లేదు, ఆ నీళ్ళలో పీట వేసుకుని నా పెనిమిటి ఎల్లాజీ మావ కూర్చుని ఉన్నాడు, పోయి మూడేళ్ళయిన మనిషి, ఎప్పటిలాగే పళ్ళ మధ్య మేకు పట్టుకుని. ఒడ్డున ఏరుకొచ్చిన వాటితో ఆయన చేసిన జీవాలన్నీ చుట్టూ తిరుగుతున్నాయి, నూనె డబ్బాల తాబేలు, సైకిల్ గొలుసు తోక ఊపే మొసలి, తలుపు బందులే చెవులైన మేక. ఆయనకి ఎవరూ నేర్పలేదు. విరిగిన పడవ చెక్కని చేత్తో తడిమి "ఇందులో కొంగుందే" అనేవాడు, పడవలకి వేయగా మిగిలిన రంగు అడిగి తెచ్చేవాడు, సాయంత్రానికి కొంగ ఉండేది.

"ఏటే పోలీ, నా గెద్ద కుంటతంది," అంటాడు మేకు తీయకుండానే.

నిజమే, ఆయన ఆఖరున చేసిన గద్ద మా వైపే వస్తోంది, ఎడమ రెక్క వేలాడుతోంది.

"నానే ఓ మేకు పీకినాను మావా. సాయంత్రం ఎగ్జిబిషనోళ్ళు వచ్చి దాన్ని పట్నం పట్టుకెళ్తారు. ఆ రెక్క చెక్క మీద పడవ పేరుంది, నువ్వు తలకిందులుగా కొట్టినావు. నువ్వు పోయినాక నాను రాత్రిబడికెళ్ళి అక్షరాలు నేర్సుకున్నాను గదా, అప్పుడు తెలిసింది. అంతమందిలో నీకు సదువు రాదని నవ్వుతారు."

"రాదు గదా మరి," అని ఆయన నవ్వుతాడు, నవ్వుతుంటే నీళ్ళు ఇసకవుతాయి, ఇసక మా వంటింటి గచ్చవుతుంది.

"తిప్పి కొట్టేత్తాను. పేరు సరిగ్గా ఉంటాది."

"పేరుంటాది. రెక్కుండదు." ఆ రెక్క చెక్క నా ఒళ్ళో పెడతాడు. "సదువుకున్న కళ్ళు కాసేపు ముయ్యి. ఏళ్ళతో సూడు."

కళ్ళు మూసుకుని తడుముతాను. రంగు మీద రంగు పడి ఉబ్బిన అక్షరాలు, వాటి తలకట్లన్నీ కిందికి దిగి ఈకల కొసల్లా వరసగా వేలాడుతున్నాయి, చివరి ఒత్తు గాలికి లేచినట్టు పైకి విప్పుకుని ఉంది. తిప్పి పట్టుకుంటే వట్టి పడవ చెక్క. నలభై ఏళ్ళు ఆ చేతికి అన్నం పెట్టాను, ఆ చెయ్యి ఇంత చూస్తుందని నాకు తెలియలేదు.

"మరి ఆళ్ళు నవ్వితేనో?"

"సదవాలన్నోడే తల వంచుకుంటాడులే. నా గెద్దని వంచకు." లేచి వెళ్ళిపోతూ వెనక్కి తిరుగుతాడు. "పాత సిల్లులోనే కొట్టు. కొత్తది పొడిస్తే దానికి నొప్పి."

కళ్ళు తెరుస్తాను. మధ్యాహ్నపు ఎండ, చాప, నా గుప్పిట్లో మేకు, అరచేతిలో తుప్పు మరక. గోడకి ఆనించిన గద్ద నా తల వెనకే ఉంది. లేవకుండా, తల వెనక్కి వాల్చి చూస్తే, రెక్క మీది అక్షరాలు నిటారుగా నిలబడి కనిపిస్తున్నాయి. ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతాను, సాగరకన్య.

అప్పుడు లేచి, పాత చిల్లు కోసం రెక్కని వేలితో తడుముతాను.